గీత బయటికి రమ్మన్న చెయ్యి

నాకు కూర్చోవడం చేతకాదు. రిటైరై తణుకు వచ్చేశాక మా ఆవిడ సుశీలకి ఈ సంగతి కొత్తగా తెలిసింది. అన్నం తింటూ మధ్యలో లేస్తాను, పేపరు చదువుతూ వరండాలో తిరుగుతాను, టీవీలో ఏ ఆట వస్తున్నా నిలబడే చూస్తాను. "మీరలా అటూ ఇటూ తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయండీ, కాసేపు కుదురుగా ఉండలేరా?" అంటుంది. ఉండలేను. దుబాయ్‌లో ఏళ్ళ తరబడి మైదానం గీత బయట నిలబడి, లోపల ఎవడు పడతాడా, పడ్డవాడు లేస్తాడా అని చూడటమే నా పని. కాళ్ళకి అదే అలవాటైపోయింది.

ఫిజియోథెరపీ చదివి ఆటల జట్లలో పనికి వెళ్ళే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏం నేర్చుకోవాలి సార్ అని అడుగుతుంటారు. టేపు చుట్టడం, ఐసు పెట్టడం మీకు కాలేజీలో చెప్పారు. వీసాలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ల గొడవ నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒక ఆటగాడి గురించి, అతని విషయంలో నేను చేసిన తప్పు గురించి. ఎప్పుడు చెప్పబోయినా మాట మార్చి ఇంకేదో చెప్పేస్తాను. అందుకే రాస్తున్నాను.

పరిగెత్తేవాడి కష్టం

2009లో దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో ఒక క్లినిక్‌లో చేరాను. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. పగలంతా మెడలు పట్టేసిన ఆఫీసువాళ్ళు, నడుములు పోయిన డ్రైవర్లు. నాలుగేళ్ళు గడిచాక ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, సాయంత్రాలు తమతో ఉండటానికి ఒక ఫిజియో కావాలని మా క్లినిక్‌ని అడిగింది. "సత్యం, నువ్వు ఎలాగూ కుర్చీలో ఉండవు, నువ్వే వెళ్ళు" అన్నాడు మా ముదీర్, అంటే మేనేజరు. ఆయన నాకు చేసిన ఏకైక ఉపకారం అదే. ఉపకారమని ఆయనకి తెలిస్తే చేసేవాడు కాదేమో.

ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదనుకుని వెళ్ళాను. అక్కడ చూస్తే బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంది, అందరూ దాన్ని చేత్తోనే పట్టుకుంటున్నారు. తలకి హెల్మెట్లు, భుజాల మీద డొప్పలు. ఈల వేయగానే ఇరవైరెండు మంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. మొదటి రోజే ఇద్దరి వేళ్ళు సరిచేసి, ఒకడి ముక్కులో దూది పెట్టి ఇంటికొచ్చాను.

ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో చూసుకుని విసురుతాడు. విసరడానికి ఎవరూ దొరక్కపోతే బంతి చంకలో పెట్టుకుని తనే పరిగెత్తుతాడు. బంతిని ఎన్ని గజాలు ముందుకి తీసుకెళ్తే జట్టుకి అంత లాభం. విసిరేటప్పుడు అతన్ని ఎలా పడితే అలా కొట్టకుండా నిబంధనలు కాస్త కాపాడతాయి. పరుగు మొదలెట్టాడా, ఇక అతనూ అందరిలాంటివాడే. ఎదుటి జట్టులో నూరు కిలోల మనిషి ఏ పక్కనుంచైనా వచ్చి గుద్దవచ్చు.

తప్పించుకోవడానికి అతనికి రెండు దారులున్నాయి. కాళ్ళు ముందుకి చాపి నేల మీద జారి కూర్చుంటే ఆట అక్కడికి ఆగిపోతుంది, ఆ తర్వాత కొట్టినవాడికి శిక్ష. లేదా పక్కగీత దాటి మైదానం బయటికి వెళ్ళిపోవచ్చు. రెండింటిలోనూ ఇంకో రెండు గజాలు వచ్చేవేమో అన్న ఆశ వదులుకోవాలి. చదవడానికి చాలా తేలిగ్గా ఉంది కదూ?

కోచ్ దువ్వెన

మా కోచ్ పేరు వాల్టర్. అమెరికావాడు, దుబాయ్‌లో ఒక స్కూల్లో వ్యాయామం మాస్టారు. యవ్వనంలో ఆయన కూడా పరిగెత్తే క్వార్టర్‌బ్యాకే. కుడిచెయ్యి భుజం కంటే పైకి లేవదు. ఉన్న నాలుగు వెంట్రుకలనీ ఎడమచేత్తో దువ్వుకునేవాడు. ఒకసారి ఆ భుజం పట్టి చూశాను. లోపల సరైన చోట ఉన్నది ఏదీ లేదు.

"ఎన్ని గజాల కోసం పోయింది ఇది?" అని అడిగాను.

"రెండు," అన్నాడు. "ఆ ఆట ఓడిపోయాం కూడా."

నేను పనిచేసిన పెద్దల్లో ఆయనంత తక్కువ అరిచినవాణ్ణి చూడలేదు. గెలిచిన రోజున కూడా ముందు నా దగ్గరికొచ్చి, ఎవరికి ఏమైందని అడిగేవాడు. ఇలాంటి కోచ్ దొరికితే జీతం తక్కువైనా వదలకండి. నేను ఇంకో ముగ్గురితో పనిచేశాను, వాళ్ళ గురించి రాయాలని కూడా లేదు.

మల్లేశ్‌ని తెచ్చింది నేనే

నేను కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడాను. దుబాయ్‌లో కూడా సెలవు రోజైన శుక్రవారం పొద్దున అల్ ఖూజ్ వెళ్ళి, కూలీలుండే క్యాంపుల పక్క ఇసక నేలలో మనవాళ్ళు ఆడుతుంటే అంపైర్‌గా నిలబడేవాణ్ణి. ఒకసారి కోచ్ వాల్టర్ తన కుర్రాళ్ళకి తప్పించుకోవడం రావట్లేదని తల పట్టుకుంటే, "నాతో రండి, ఆరుగురి మధ్యనుంచి తప్పించుకునేవాణ్ణి చూపిస్తా" అని గొప్పగా తీసుకెళ్ళాను.

మల్లేశ్ ఆ రోజు కూతకి వెళ్ళాడు. జగిత్యాల వైపువాడు, ఇరవైఆరేళ్ళు, ఒక టైర్ల గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. అంతకుముందు మూడేళ్ళు అదే గోడౌన్‌లో టైర్లు మోశాడు. లైసెన్సు తెచ్చుకుని ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి అప్పటికి ఏడాదే అయింది. వాళ్ళ అమ్మకి ఆ బండి మీద కూర్చుని తీసుకున్న ఫొటో పంపాడట, ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించిందట. ఆ కూతలో నలుగురు పట్టుకున్నా వాళ్ళని ఈడ్చుకుంటూ వచ్చి, పొట్ట మీద పడి, చెయ్యి చాపి మధ్యగీత అందుకున్నాడు. కోచ్ నోట్లో ఖర్జూరం నమలడం మానేసి చూశాడు.

అలా వచ్చాడు. ముందు పరిగెత్తడానికే తీసుకున్నారు. ఊళ్ళో క్రికెట్‌లో బౌండరీ దగ్గరనుంచి విసిరిన చెయ్యి కాబట్టి బంతి విసరడం కూడా త్వరగా వచ్చింది. మా క్వార్టర్‌బ్యాక్‌కి ఉద్యోగం దోహాకి మారడంతో ఆ చోటు మల్లేశ్‌కి వచ్చింది. ఆటలో వేసే ఎత్తులన్నిటికీ నెంబర్లే కాబట్టి ఇంగ్లీషు రాకపోయినా నడిచింది. మిగతా మాటలు మాత్రం కోచ్ ఇంగ్లీషులో చెబితే నేను తెలుగులో చెప్పాలి.

"సార్, గీ దొరల ఆట మంచిగనే ఉన్నది గని, బట్టలే మస్తు బరువు" అన్నాడు మొదటి వారం. అందరం నవ్వాం.

నేను మార్చి చెప్పిన మాట

ఇప్పుడు నా తప్పు.

మల్లేశ్ జారేవాడు కాదు, గీత బయటికి వెళ్ళేవాడు కాదు. పక్కగీత అడుగు దూరంలో ఉన్నా, చటుక్కున లోపలికి తిరిగి మనుషుల మధ్యలోకే వచ్చేవాడు. చివర్లో చెయ్యి చాపి ముందుకి పడేవాడు. కోచ్‌కి ఇది అర్థమయ్యేది కాదు. ఇంత తెలివైనవాడు, ఖాళీగా ఉన్న వైపు వదిలేసి దెబ్బలవైపు ఎందుకొస్తాడు?

నాకు మొదటి రోజే అర్థమైంది. కబడ్డీలో బయటి గీత తొక్కితే ఔట్. ఎవరూ పట్టుకోకుండా తనంతట తనే తొక్కి ఔటయ్యాడంటే ఆ రోజంతా అందరూ ఏడిపిస్తారు. పట్టుబడ్డా సరే, ఊపిరి ఉన్నంతవరకూ పాకి మధ్యగీత అందుకోవాలి. ఆ రెండూ చిన్నప్పటినుంచీ మల్లేశ్ ఒంట్లో ఉన్నాయి. నా ఒంట్లో కూడా ఉన్నాయి. అదీ అసలు చిక్కు.

ఒక సాయంత్రం కోచ్ నన్ను పిలిచి, "అతనికి స్పష్టంగా చెప్పు సత్యం. మనిషి దగ్గరికి వస్తున్నాడంటే బయటికి వెళ్ళిపోవాలి. ప్రతిసారీ. ఆలోచించక్కర్లేదు" అన్నాడు.

నేను మల్లేశ్ దగ్గరికి వెళ్ళి ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తుంది. "ఇదిగో మల్లేశ్, మరీ తప్పదనుకుంటే బయటికి వెళ్ళమంటున్నారు కోచ్‌గారు."

"తప్పకపోతేనే గద సార్?"

"ఆఁ, తప్పకపోతేనే."

అబద్ధం చెప్పాలనుకోలేదు. నోటికి వచ్చేసరికి మాట అలా మారింది. మంచి కబడ్డీ ఆటగాణ్ణి పట్టుకుని 'నువ్వే గీత తొక్కి బయటికి పో' అని చెప్పడం నాకు సిగ్గుగా అనిపించింది. కోచ్‌కి తెలుగు రాదు కాబట్టి నేనేం చెప్పానో తెలియదు. మల్లేశ్‌కి ఇంగ్లీషు రాదు కాబట్టి కోచ్ ఏమన్నాడో తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పేశానన్నట్టు కోచ్‌కి బొటనవేలు ఎత్తి చూపించాను.

తర్వాతి శుక్రవారం ఆటలో మల్లేశ్ నా ముందునుంచే పరిగెత్తుకుంటూ వచ్చాడు. నేను గీత బయట ఉన్నాను, అతను రెండడుగుల లోపల ఉన్నాడు. బయటికి వచ్చేస్తే చాలు. రాలేదు. లోపలికి తిరిగాడు. ఎదుటివాడి భుజం వచ్చి మెడకీ భుజానికీ మధ్య తగిలింది. ఆ చప్పుడు నేను మర్చిపోలేదు. మల్లేశ్ లేచాడు గానీ ఎడమచెయ్యి వేలాడుతోంది. "మంటలు మంటలుగున్నది సార్, వేళ్ళు తెలుస్తలేవు" అన్నాడు.

మెడ నరానికి దెబ్బ తగిలితే అలా అవుతుంది. చాలామందికి కాసేపట్లో తగ్గిపోతుంది. తగ్గనివాళ్ళూ ఉంటారు. అతని మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. వేళ్ళు ఒక్కొక్కటే కదపమన్నాను. వేళ్ళు ఒక్కొక్కటిగా కదిలాయి. ఆస్పత్రిలో స్కాన్ తీసి ఎముక బాగానే ఉందన్నారు, వారం రోజులు పని వద్దన్నారు. నేను బయట బెంచీ మీద కూర్చోలేక ఆ కారిడార్ చివరిదాకా ఎన్నిసార్లు తిరిగానో!

గోడౌన్‌లో

రెండు రోజులు ఫోన్ చేస్తే "ఏం గాలే సార్, రూమ్‌ల పండుకున్న" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. మూడో రోజు మధ్యాహ్నం క్లినిక్‌లో చెప్పి అల్ ఖూజ్ వెళ్ళాను.

గోడౌన్ షట్టర్ దగ్గర నిలబడి చూస్తే మల్లేశ్ ఫోర్క్‌లిఫ్ట్ మీదే ఉన్నాడు. టైర్లు దించి వెనక్కి వస్తున్నాడు. ఆ బండి వెనక్కి వచ్చేటప్పుడు మెడ తిప్పి భుజం మీదుగా చూడాలి. అతని మెడ ఎడమవైపు తిరగడం లేదు. కుడివైపు ఒకసారి చూసి, ఎడమవైపు దేవుడి మీద భారం వేసి వస్తున్నాడు. సరిగ్గా ఎడమవైపే ఒక బెంగాలీ కుర్రాడు వంగి లేబుళ్ళు అతికిస్తున్నాడు.

నేను అరిచిన అరుపుకి గోడౌన్ మొత్తం ఆగిపోయింది. బండి ఆ కుర్రాడికి జానెడు దూరంలో ఆగింది.

మల్లేశ్ దిగి నా దగ్గరికి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎవలకు జెప్పకుండ్రి సార్. ఫోర్‌మన్‌కు తెలిస్తే బండి మీదికెల్లి దింపుతడు. మళ్ళ టైర్లు మోసుడే. మా అమ్మకేం జెప్పాలె?"

చెప్పాను. అతని ఎదురుగానే చెప్పాను. ఫోర్‌మన్ ఒక మలయాళీ పెద్దాయన. అంతా విని, హిందీలో మెల్లగా, "మెడ బాగయ్యేదాకా సరుకు లెక్క చూసుకోనీ. బాగయ్యాక బండి ఇస్తా. ఇంకోసారి ఆ ఆటలో దెబ్బ తిని వస్తే మాత్రం బండి ఖలాస్" అన్నాడు. మంచి మనిషి. మల్లేశ్ మాత్రం నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం క్యాంపుకి వెళ్ళి, కోచ్ చెప్పిందేమిటో, నేను చెప్పిందేమిటో, రెండు మాటలూ అతని ముందు పెట్టాను. "గట్లెందుకు జేసిన్రు సార్?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు బాగుండేది.

పిల్లలూ, మీలో చాలామంది ఆటగాడికీ కోచ్‌కీ మధ్య, డాక్టరుకీ రోగికీ మధ్య నిలబడి మాట చేరవేస్తారు. చెప్పిన మాట చెప్పినట్టు చేరవేయండి. మీకు నచ్చకపోతే చెప్పినవాడితో పోట్లాడండి. మధ్యలో తగ్గించకండి.

తడి టార్పాలిన్

ఆట మానేయమన్నాను. వినలేదు. మెడ పూర్తిగా తిరిగేదాకా మైదానంలో అడుగు పెట్టనివ్వలేదు, అందులో మాత్రం నా మాటే నెగ్గింది. బాగయ్యాక మొదటినుంచి నేర్పాం.

జారడానికి కోచ్ ఒక పెద్ద టార్పాలిన్ పరిచి, పైపుతో నీళ్ళు పట్టాడు. ఒక కాలు మడిచి, రెండోది చాచి, పిర్ర మీద జారాలి. వెనక్కి చెయ్యి ఆనించకూడదు, మణికట్టు పోతుంది. గడ్డం ఛాతీకి ఆనించి ఉంచాలి, లేకపోతే తల వెనకభాగం నేలకి కొట్టుకుంటుంది. బంతి రెండు చేతులతో గుండెకి హత్తుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, మనిషి మూడు నాలుగు గజాల దూరంలో ఉండగానే మొదలెట్టాలి. మీదికి వచ్చాక జారితే ఎదుటివాడు కావాలన్నా ఆగలేడు, అతను వంగే ఎత్తులో సరిగ్గా మన తల ఉంటుంది. నేను చూసిన దెబ్బల్లో చాలావరకు జారనివాళ్ళకి తగిలినవి కావు, జారాలా వద్దా అని తేల్చుకోలేక ఆలస్యంగా జారినవాళ్ళకి తగిలినవి.

జారడం వారంలో వచ్చేసింది, మిగతావాళ్ళకి కూడా సరదాగా ఉంది. గీత దాటడమే రాలేదు. గీత కనిపించగానే కాలు దానంతట అదే లోపలికి తిరిగేది. చెబితే మారే అలవాటు కాదని నాకు తెలుసు. శుక్రవారం పొద్దున క్యాంపు దగ్గర ఇసకలోనే కొత్త కబడ్డీ పెట్టాను. ఎవరికీ చిక్కకుండా బయటి గీత దాటి వెళ్ళినవాడికి పాయింటు.

"ఏందన్నా, ఎండకు అంపైర్ సాబ్ దిమాక్ ఖరాబయింది" అని నా వెనకే నవ్వుకున్నారు. నవ్వనివ్వండి. మల్లేశ్ మొదటి నాలుగు వారాలు గీత దాకా వచ్చి ఆగిపోయాడు. అయిదో వారం దాటాడు. దాటి, ఏదో తప్పు చేసినవాడిలా చుట్టూ చూశాడు.

"ఒచ్చింది పాయింట్" అని అరిచాను.

చివరి ఆట

ఆ సీజన్ చివరి ఆట. గెలిస్తే కప్పు మాది. మూడు పాయింట్లు వెనకబడి ఉన్నాం, ఆట ఇంకో అరనిమిషంలో ముగుస్తుంది. బంతిని ఎదుటి జట్టు వైపు చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు, అందుకు రెండు ప్రయత్నాలు మిగిలి ఉన్నాయి. మల్లేశ్ విసరడానికి చూశాడు, ఎవరూ దొరకలేదు, పరుగు మొదలెట్టాడు.

పక్కగీత వెంబడి నావైపే వస్తున్నాడు. నేను చివరి గీతకి అయిదారు గజాల ఇవతల, మైదానం బయట నిలబడి ఉన్నాను. లోపలినుంచి ఏటవాలుగా ఒకడు ముంచుకొస్తున్నాడు. మల్లేశ్ లోపలే ఉండి ముందుకి వెళ్తే చివరి గీత అందుతుంది, దెబ్బ కూడా తగులుతుంది. బయటికి వస్తే ఏమీ తగలదు, కానీ ఆఖరి ప్రయత్నం మీద ఆధారపడాలి.

అతను నావైపు చూశాడు. మరుక్షణం పక్కగీత తొక్కి, బయటికి వచ్చి, వేగం ఆపుకోలేక నన్ను గుద్దుకున్నాడు. ఇద్దరం గడ్డి మీద పడ్డాం. ముంచుకొచ్చినవాడు మా పక్కనుంచి ఖాళీగాలిలోకి దూసుకుపోయాడు.

ఆఖరి ప్రయత్నంలో మల్లేశ్ విసిరిన బంతిని మావాడు పట్టుకోలేకపోయాడు. ఓడిపోయాం. కోచ్ వాల్టర్ వచ్చి ఎడమచెయ్యి మల్లేశ్ భుజం మీద వేసి, "మెడ?" అని మాత్రం అడిగాడు. మల్లేశ్ హెల్మెట్ తీసి, మెడ కుడివైపు తిప్పి, ఎడమవైపు తిప్పి చూపించాడు. కోచ్ తలూపి వెళ్ళిపోయాడు.

సామాన్లు సర్దుతుంటే మల్లేశ్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నిజం జెప్పాలంటే సార్, నేను లోపల్కే పోదామనుకున్న. గీత అందుతుండె. గని మీరు చెయ్యి సాపి పిలిస్తిరి గద, గందుకే బయటికి ఒచ్చిన."

నేను చెయ్యి చాపిన మాట నిజం. కానీ అతన్ని పిలవడానికి కాదు. ఆ క్షణంలో నేను ఫిజియోని కాను, కబడ్డీ ఆటగాణ్ణి. అతని మెడ, ఫోర్క్‌లిఫ్ట్, వాళ్ళమ్మ ఫ్రేము కట్టించిన ఫొటో, ఏదీ నాకు గుర్తు లేదు. చివరి గీత కనబడింది. పడు, పాకు, అందుకో అని నా ఒళ్ళే ముందుకి తూలి, చెయ్యి ఆ చివరి గీతవైపు చాచుకుంది.

"అవునయ్యా, పిలిచాను" అన్నాను.

"సెలవులైనంక ఆదివారం బండి మీదనే ఉంట సార్," అని బ్యాగు భుజానికి తగిలించుకుని బస్సువైపు నడిచాడు.

2019లో దుబాయ్ వదిలి వచ్చేసేటప్పుడు నన్ను విమానాశ్రయానికి తీసుకెళ్ళింది అతనే. ఆ చెయ్యి సంగతి అప్పుడు కూడా చెప్పలేకపోయాను. పార్కింగ్‌లో కారు వెనక్కి తీస్తూ అద్దంలో చూడకుండా, అలవాటుగా మెడ పూర్తిగా ఎడమవైపు తిప్పి, భుజం మీదుగా చూశాడు. నేను పక్క సీట్లో కూర్చుని ఆ మెడవైపే చూస్తూ ఉండిపోయాను.